ఒకే మంచం చుట్టూ నాలుగు కోర్సులు: వైద్య విద్యార్థులకు కలిసి పనిచేయడం ఎలా నేర్పాలి?

డిశ్చార్జ్ కాగితం మీద ‘ఇన్సులిన్ ఉదయం 20 యూనిట్లు’ అని ఉంది. రాసింది డాక్టరు. ఎలా వేసుకోవాలో చూపించింది సిస్టర్. సీసా ఇచ్చింది ఆసుపత్రి ఫార్మసీ. సిరంజి మాత్రం ఊళ్ళో మందుల షాపులో కొన్నారు. సీసాలో ఉన్నది మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్. షాపులో దొరికింది 100 యూనిట్ల ఇన్సులిన్ కోసం చేసిన సిరంజి. అందులో 20వ గీత దాకా లాగితే వచ్చేది 0.2 మిల్లీలీటర్లు, అంటే 8 యూనిట్లే. తిరగేసి జరిగితే మరీ ప్రమాదం: 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 సిరంజితో 20వ గీత దాకా లాగితే ఒంట్లోకి 50 యూనిట్లు పోతాయి.

ఇక్కడ ఎవరి పని వాళ్ళు సరిగ్గానే చేశారు. సీసాకూ సిరంజికీ మధ్య ఉన్న సందును చూడటం మాత్రం ఎవరి వంతుకూ రాలేదు. ఆ సందును చూడగలిగేలా ఎంబీబీఎస్, నర్సింగ్, ఫార్మ్.డి (ఆరేళ్ళ ఫార్మసీ కోర్సు), ఫిజియోథెరపీ విద్యార్థులను చదువుకునే రోజుల్లోనే తయారు చేయడం ఎలాగో ఈ మార్గదర్శి చెబుతుంది. దీన్ని ఇంటర్‌ప్రొఫెషనల్ ఎడ్యుకేషన్ అంటారు, పొట్టిగా ఐపీఈ. స్వీడన్‌లోని లింషాపింగ్ విశ్వవిద్యాలయం 1986లోనే దీన్ని పాఠ్యక్రమంలో పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, రెండు లేదా అంతకన్నా ఎక్కువ వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి ఒకరు, ఒకరి నుంచి ఒకరు, ఒకరితో ఒకరు నేర్చుకోవాలి. మన దగ్గర తరచూ జారిపోయేది ‘ఒకరి నుంచి ఒకరు’ అన్న ముక్క. ఆడిటోరియంలో నాలుగు కోర్సుల వాళ్ళను కూర్చోబెట్టి టీమ్‌వర్క్ మీద గంట ఉపన్యాసం ఇస్తే అది ఐపీఈ కాదు. పక్కవాడికి తెలిసింది అడిగితే తప్ప పూర్తికాని పని చేతికివ్వాలి. కింద చెప్పే ప్రతి అడుగూ ఆ ఒక్క షరతు కోసమే.

ఎవరిని, ఎంతమందిని

గ్రూపుకు ఆరుగురు: ఇద్దరు మెడికోలు, ఇద్దరు నర్సింగ్, ఒక ఫార్మ్.డి, ఒక ఫిజియో. ఎనిమిది దాటితే ఇద్దరు ముగ్గురు వెనక్కి వాలి ఫోన్ తీస్తారు. నలుగురే ఉంటే ఒకరు రాకపోయినా కేసు నడవదు. నర్సింగ్ నుంచి ఇద్దరు తప్పనిసరి, ఎందుకంటే ఒంటరిగా కూర్చోబెట్టిన నర్సింగ్ విద్యార్థిని మొదటి అరగంట నోరు తెరవకపోవడం మామూలు.

కోర్సు సంవత్సరాలు కాదు, వార్డు అనుభవం కలవాలి. మూడో ఏడాది మెడికోలకు మూడో ఏడాది బీఎస్సీ నర్సింగ్, మూడో ఏడాది బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) సరిపోతారు. ఫార్మ్.డి నుంచి మాత్రం ఐదో ఏడాది వాళ్ళను తీసుకోండి, అప్పటికి వాళ్ళకు కేస్ షీట్ చదవడం అలవాటై ఉంటుంది. మొదటి ఏడాది వాళ్ళతో క్లినికల్ కేసు పెట్టొద్దు. తమ వృత్తి గురించే ఇంకా తెలియని విద్యార్థి పక్కవాళ్ళకు ఏం చెప్పగలడు? వాళ్ళకు ఒకరి కోర్సులో ఒకరు ఏం చదువుతారో తెలుసుకునే రెండు గంటల పరిచయం చాలు.

ఇక లెక్క. మెడికల్ కాలేజీలో 150 సీట్లుంటే ఫార్మ్.డిలో సాధారణంగా 30 ఉంటాయి. కాబట్టి ఎన్ని గ్రూపులన్నది తేల్చేది ఫార్మ్.డి సంఖ్యే. మొదటి విడత 8 గ్రూపులతో, 48 మందితో ఆపండి. ఆ లెక్కన నాలుగు విడతల్లో ఫార్మ్.డి వాళ్ళందరూ అయిపోతారు, ఇంకా సగానికి పైగా మెడికోలు మిగిలే ఉంటారు. వాళ్ళ విడతలకు ఆరో ఏడాది ఫార్మ్.డి ఇంటర్న్‌లను పిలవండి. ఫార్మసీ విద్యార్థి లేడని మెడికో చేతే ఆ పాత్ర వేయించడం మాత్రం వద్దు. ‘ఫార్మసిస్టు పని నేనూ చేయగలను’ అన్న తప్పుడు పాఠం అక్కడే మొదలవుతుంది.

తేదీలే అసలు అడ్డంకి

ఎంబీబీఎస్, నర్సింగ్, బీపీటీ కోర్సులు ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద, తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద నడుస్తాయి. ఫార్మ్.డి మాత్రం జేఎన్టీయూల కిందో, ఉస్మానియా, కాకతీయ వంటి విశ్వవిద్యాలయాల కిందో ఉంటుంది. పరీక్షలు వేరు, సెలవులు వేరు. కార్యక్రమాలు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే, ఉత్సాహం లేక కాదు.

ఆరు నెలల ముందే నాలుగు కాలేజీల పరీక్షల టైమ్‌టేబుళ్ళు ఒకే కాగితం మీద వేయండి. ఎవరికీ పరీక్షలు లేని ఎనిమిది వారాల ఖాళీ వెతికి, అందులో ఆరు సెషన్లు పెట్టి, రెండు వారాలు అదనంగా ఉంచుకోండి. వారానికి ఒక పూట, రెండున్నర గంటలు. ఉదయం వేళ వద్దు: మెడికోలకు పోస్టింగులు, నర్సింగ్ వాళ్ళకు వార్డు డ్యూటీలు. నర్సింగ్ విద్యార్థులకు క్లినికల్ గంటలు లెక్క ప్రకారం పూర్తికావాలి కనుక, ఈ సెషన్లు ఏ పద్దులో పడతాయో ప్రిన్సిపాల్‌తో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

ఒప్పించడానికి ఆధారం చేతిలోనే ఉంది. 2019 నుంచి అమల్లో ఉన్న సామర్థ్య ఆధారిత ఎంబీబీఎస్ పాఠ్యక్రమం, వైద్య పట్టభద్రుడికి చెప్పిన ఐదు పాత్రల్లో ఆరోగ్య బృందానికి నాయకుడు, సభ్యుడు అన్నది ఒకటి. ‘సభ్యుడు’ అన్న మాట కింద గీత గీసి మరీ చూపించండి. వైద్య నీతి, ప్రవర్తన, సంభాషణ నేర్పే ఏట్‌కామ్ మాడ్యూల్ గంటల్లో కొన్ని ఇందులోకి మళ్ళించవచ్చు.

నడిపేవాళ్ళు

రెండు గ్రూపులకు ఇద్దరు ఫెసిలిటేటర్లు, ఇద్దరూ వేర్వేరు వృత్తుల వాళ్ళు. వాళ్ళకు ముందుగా మూడు గంటల శిక్షణ ఉండాలి, అందులో సగం సమయం డీబ్రీఫ్, అంటే పని అయ్యాక దాని మీద జరిపే చర్చ, సాధనకే. ఇక్కడ రెండు తప్పులు పదేపదే జరుగుతాయి. మొదటిది, విద్యార్థి ఏదో క్లినికల్ సందేహం అడగగానే మెడిసిన్ ప్రొఫెసర్ జవాబు మొదలుపెడతారు, ఇరవై నిమిషాల్లో అది డయాబెటిస్ క్లాసు అయిపోతుంది. జవాబు చెప్పకుండా ‘ఇది మీ గ్రూపులో ఎవరికి తెలిసి ఉంటుంది?’ అని తిప్పి అడగడం సాధన చేయించాలి. రెండోది, ప్రొఫెసర్ పక్కన నర్సింగ్ లెక్చరర్ మౌనంగా ఉండిపోతారు. విద్యార్థులు మనం చెప్పేదానికన్నా ఆ మౌనం నుంచే ఎక్కువ నేర్చుకుంటారు. అందుకే డీబ్రీఫ్‌లో మొదటి మాట ఎప్పుడూ నర్సింగ్ లేదా ఫార్మసీ అధ్యాపకులదే అన్నది నియమంగా పెట్టుకోండి.

కేసును ముక్కలు చేయడం

కార్యక్రమం బతికేదీ చచ్చేదీ కేసు దగ్గరే. పూర్తి కేస్ షీట్ అందరికీ ఇస్తే మెడికోలే ప్లాను రాసేస్తారు, మిగతావాళ్ళు తలూపుతారు. కాబట్టి సమాచారాన్ని నాలుగు కాగితాలుగా విడగొట్టండి. ప్రతి వృత్తికీ వాళ్ళ పనిలో సహజంగా తెలిసేదే వాళ్ళ కాగితంలో ఉండాలి. ప్రతి కాగితంలోనూ, అది బయటికి రాకపోతే మొత్తం ప్లాను తప్పిపోయే విషయం ఒక్కటైనా ఉండాలి.

ఇలా రాయవచ్చు. పేషెంట్ 58 ఏళ్ళ కౌలు రైతు. పన్నెండేళ్ళుగా షుగర్. కుడికాలి బొటనవేలి కింద పుండు, చేరి పది రోజులైంది. ఎల్లుండి డిశ్చార్జ్.

మెడికోల కాగితంలో: హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 10.2, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) 1.9. పుండు శుభ్రపడింది. 30/70 ఇన్సులిన్ ఉదయం 20, సాయంత్రం 12 యూనిట్లు. మెట్‌ఫార్మిన్ 1000 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఇంటి దగ్గర వాడుతున్నదే కొనసాగుతోంది.

నర్సింగ్ కాగితంలో: ఇంజెక్షన్ వేయడం కొడుక్కి నేర్పారు, కానీ అతను సోమవారం హైదరాబాద్ వెళ్ళిపోతాడు. ఇంట్లో ఉండేది కోడలు. ఆమెకు ఎవరూ చూపించలేదు. పెద్దాయనకు సిరంజి గీతలు కనబడవు. ఇంట్లో ఫ్రిజ్ లేదు.

ఫార్మ్.డి కాగితంలో: మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన డైక్లోఫెనాక్ రెండేళ్ళుగా రోజూ వేసుకుంటున్నాడు, ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు. కుటుంబం కొన్న సిరంజిలకు నారింజ రంగు మూతలున్నాయి. సీసా మీద 40 అని ఉంది.

ఫిజియో కాగితంలో: నొప్పి ఎడమ మోకాలిలో ఎక్కువ, అందుకే బరువంతా కుడి పాదం ముందు భాగం మీద వేస్తాడు. వేసుకునేది అరిగిన హవాయి చెప్పులు, పొలంలో అవీ ఉండవు.

ఇప్పుడు ఈ ముళ్ళు ఎలా పెనవేసుకున్నాయో చూడండి. క్రియాటినిన్ విలువ మెడికో పైకి చదివితే తప్ప ఫార్మ్.డి విద్యార్థి ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చూపే అంకె, లెక్కగట్టలేడు. లెక్కగడితే 40 దగ్గర వస్తుంది. ఆ స్థాయిలో మెట్‌ఫార్మిన్ రోజుకు మొత్తం 1000 మిల్లీగ్రాములు దాటకూడదు, డైక్లోఫెనాక్ ఆపాలి. కానీ నొప్పి బిళ్ళ ఉత్తినే ఆపేస్తే ఎడమ మోకాలు ఇంకా సలిపి, బరువంతా పుండున్న కాలి మీదికే వస్తుంది. మందు ఆపమన్న ఫార్మ్.డి, ఆ కాలి మీద బరువు పడకూడదన్న ఫిజియో కూర్చుని మాట్లాడుకోవాల్సిందే: పారాసెటమాల్, మోకాలి వ్యాయామం, చేతికర్ర, ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు. నారింజ మూత 100 సిరంజిదని ఫార్మ్.డికి తెలుసు, వేసేది కోడలని నర్సింగ్‌కు తెలుసు. ఈ రెండూ కలవకపోతే మొదట చెప్పిన 8 యూనిట్ల కథే.

కేసు రాశాక ఒక పరీక్ష పెట్టండి. ఒక్కో కాగితం తీసేసి చూడండి. ఆ కాగితం లేకపోయినా ప్లాను బాగానే కుదిరితే, ఆ వృత్తికి మీరు అలంకార పాత్ర ఇచ్చారన్నమాట, తిరిగి రాయండి. ఎక్కువగా ఫిజియోకే ఇలా అవుతుంది.

ఆ పూట, నిమిషాల లెక్కన

బెంచీలు తీసేసి కుర్చీలు గుండ్రంగా వేయండి. అప్రాన్లు బయట పెట్టించండి. బ్యాడ్జి మీద పేరు పెద్దగా, కోర్సు చిన్నగా. విద్యార్థుల మధ్య ‘సార్’, ‘మేడమ్’ లేవు, పేరు పెట్టే పిలుచుకోవాలి. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ, గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పినట్టు, వేర్వేరు గుంపుల మధ్య అపోహలు తగ్గాలంటే ఎదురెదురుగా కూర్చోబెట్టడం చాలదు. సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, సహకారం, పైవాళ్ళ మద్దతు నాలుగూ ఉండాలి. అవి లేకుండా కలిపితే ‘వాళ్ళింతే’ అన్న అభిప్రాయం ఇంకా గట్టిపడి బయటికి వెళ్తారు.

మొదటి 10 నిమిషాలు పరిచయం: నా కోర్సులో నేను చేసే పనుల్లో మీకెవరికీ తెలియనిదనుకునే ఒక పని. తర్వాత 10 నిమిషాలు నియమాలు: కాగితం పక్కవాళ్ళకు ఇవ్వకూడదు, చూపించకూడదు, నోటితోనే చెప్పాలి. 15 నిమిషాలు ఎవరి కాగితం వాళ్ళు చదువుకోవడం. 45 నిమిషాలు చార్ట్ మీద ఉమ్మడి డిశ్చార్జ్ ప్లాను రాయడం. 15 నిమిషాలు సిరంజిల బల్ల. 10 నిమిషాలు టీ. 40 నిమిషాలు డీబ్రీఫ్. చివరి 5 నిమిషాలు కార్డు మీద రెండు వాక్యాలు.

చార్ట్ దగ్గర ఒక జాగ్రత్త. చేతిరాత బాగుంటుందని పెన్ను నర్సింగ్ అమ్మాయి చేతికిస్తారు, దాంతో ఆమె ఇతరులు చెప్పింది రాసే మనిషిగా మిగిలిపోతుంది. పావుగంటకోసారి పెన్ను వేరే కోర్సు వాళ్ళకు మారాలని ముందే చెప్పండి.

సిరంజిల బల్ల మీద ప్రతి గ్రూపుకు ఉండాల్సినవి: ఎర్ర మూత 40 సిరంజి, నారింజ మూత 100 సిరంజి, రంగు నీళ్ళు నింపిన ఖాళీ సీసా, రెండు చిన్న గాజు పలకలు. రెండింటితోనూ 20వ గీత దాకా లాగి పక్కపక్కన పలకల మీద వదలమనండి. ఒకదాని మీద అర మిల్లీలీటరు మడుగు, రెండోదాని మీద అందులో సగం కూడా లేని బొట్టు. ఆ తేడా కంటితో చూశాక లెక్క ఎవరికీ బోర్డు మీద చెప్పాల్సిన పని ఉండదు. తర్వాత నర్సింగ్ విద్యార్థులు మిగతావాళ్ళకు నేర్పాలి: పెద్దాయనతో ‘అర్థమైందా?’ అని అడిగితే ‘ఆ, అయింది సార్’ అనే వస్తుంది. ‘కోడలమ్మా, రేపు పొద్దున ఎలా వేస్తావో ఇప్పుడు నాకు చేసి చూపించు’ అనాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుక పోసిన మట్టికుండలో ఇంకో చిన్న కుండ పెట్టి సీసా దాచడం కూడా ఇక్కడే చెప్పించండి. వాడిన సూదులు బల్ల మీద వదలకుండా తెల్లటి పంక్చర్ కాని డబ్బాలో వేయించాలి. సూదికి మూత తిరిగి పెట్టనివ్వకండి.

ఆలిండియా కోటాలో వచ్చిన మెడికోలకు తెలుగు రాకపోవచ్చు. అలాంటి గ్రూపులో తెలుగు వచ్చిన విద్యార్థి పేషెంట్ మాటను అందించే పని చేస్తాడు. దాన్ని అడ్డంకిగా చూడకండి, ఒకరి మీద ఒకరు నిజంగా ఆధారపడే అవకాశం అది.

డీబ్రీఫ్

సమయం చాలకపోతే దేన్నైనా కోసుకోండి, దీన్ని మాత్రం కోయొద్దు. మొదటి 5 నిమిషాలు ఎలా అనిపించిందో చెప్పనివ్వండి. తర్వాత ఏం జరిగిందో: ‘సిరంజి విషయం ఎన్నో నిమిషంలో బయటికి వచ్చింది? ఎవరు చెప్పారు? అంతకు ముందు ఎందుకు చెప్పలేదు?’ ఆ మూడో ప్రశ్నే కీలకం. ‘చెబుదామనుకున్నా, కానీ వాళ్ళు అప్పటికే డోసు రాసేశారు’ అన్న జవాబు దాదాపు ప్రతి హాల్లోనూ వస్తుంది. అక్కడ ఆగండి. పది సెకన్లు మౌనంగా ఉండండి. మెడికోల వైపు తిరిగి నిందించినట్టు కాకుండా, ‘ఏం చేసి ఉంటే తనకు చెప్పడం తేలికయ్యేది?’ అని అడగండి. చివరి పావుగంట రేపు వార్డులో ఏం మారుస్తారన్న దానికి. ‘టీమ్‌గా పనిచేస్తాను’ అని రాస్తే కార్డు తిరిగి ఇచ్చేయండి. ‘రౌండ్స్‌కు ముందు ఆ బెడ్ సిస్టర్‌ను రాత్రి ఎలా గడిచిందో అడుగుతాను’ అన్నది చేయగలిగిన పని.

మాట్లాడే పద్ధతి

రెండు సెషన్లు దీనికే కేటాయించండి. ఎస్‌బార్ అనే వరస అమెరికా నౌకాదళపు అణు జలాంతర్గాముల నుంచి అక్కడి ఆరోగ్య సంస్థ కైజర్ పర్మనెంటే ద్వారా ఆసుపత్రులకు వచ్చింది: ఇప్పుడేం జరుగుతోంది, వెనుక ఏం జరిగింది, నేనేమనుకుంటున్నాను, మీరేం చేయాలి. ‘సార్, 7వ బెడ్ బాలేదు, ఒకసారి వస్తారా’ అన్న ఫోన్‌ను ఇలా మార్చడం సాధన చేయించాలి:

‘సార్, మేల్ మెడికల్ వార్డు నుంచి స్టాఫ్ నర్సును. 7వ బెడ్ పేషెంట్‌కు చెమటలు పడుతున్నాయి, మగతగా ఉన్నారు, జీఆర్‌బీఎస్ (వేలి చుక్కతో చూసిన షుగర్) 48. షుగర్, కాలి పుండుతో చేరారు. ఏడున్నరకు ఇన్సులిన్ 20 యూనిట్లు ఇచ్చాం, తర్వాత వాంతై టిఫిన్ తినలేదు. హైపోగ్లైసీమియా (షుగర్ పడిపోవడం) అనుకుంటున్నాను, మింగే స్థితిలో లేరు. 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 ఎంఎల్ ఐవీ పెట్టమంటారా? మీరు వెంటనే రావాలి.’

విద్యార్థులు తడబడేది మూడో మెట్టు దగ్గర. డయాగ్నోసిస్ చెబితే డాక్టరు ఏమనుకుంటారోనని నర్సింగ్ వాళ్ళు అక్కడ గొంతు తగ్గిస్తారు. ఫోన్ ఎత్తే పాత్రలో మెడికోను పెట్టి, ‘మీరేమనుకుంటున్నారు సిస్టర్?’ అని అతని చేతే అడిగించండి.

ఆర్డర్ వినగానే తిరిగి చెప్పడం రెండో అలవాటు. ఫోన్‌లో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి. ‘ఒకటి, ఐదు. పదిహేను యూనిట్లు, కరెక్టేనా సార్?’ అని అంకెలు విడగొట్టి చదివించండి.

మూడోది, ఆగమని చెప్పడం. అమెరికాలో 2006లో వచ్చిన టీమ్‌స్టెప్స్ శిక్షణలో దీనికి మూడు మెట్లున్నాయి. తెలుగులో ఇలా అనవచ్చు: ‘సార్, నాకు కాస్త కంగారుగా ఉంది.’ ‘సార్, ఇది ఇలా చేయడం నాకు సరిగ్గా అనిపించడం లేదు.’ ‘సార్, ఇది పేషెంట్ ప్రాణానికి సంబంధించింది, ఒక్క నిమిషం ఆగండి.’ వార్డులో సీనియర్‌తో మాట్లాడేటప్పుడు ‘సార్’ తీసేయక్కర్లేదు. మర్యాద ఉంచుకునే గట్టిగా చెప్పవచ్చని చూపించడమే ఈ సాధన ఉద్దేశం. ప్రతి విద్యార్థీ మూడో వాక్యాన్ని కనీసం రెండుసార్లు పైకి, గదంతా వినబడేలా అనాలి. నోటికి అలవాటు కాని మాట అర్ధరాత్రి ఆపరేషన్ థియేటర్‌లో రాదు.

హాలు నుంచి వార్డుకు

చివరి రెండు సెషన్లు నిజమైన పేషెంట్ దగ్గరే జరగాలి. గ్రూపుకు ఒక బెడ్, పేషెంట్ అనుమతి తీసుకుని. ఆరుగురూ ఒకేసారి మీద పడకుండా ఇద్దరిద్దరుగా, వేర్వేరు కోర్సుల జంటలుగా వెళ్ళాలి. గంట తర్వాత ఉమ్మడి ప్లాను ఆ యూనిట్ డాక్టరుకూ వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కూ కలిపి వినిపించాలి. లింషాపింగ్‌లో 1996 నుంచి విద్యార్థుల బృందాలే పర్యవేక్షణలో నడిపే శిక్షణ వార్డు ఉంది. మన రద్దీలో అంత దూరం వెంటనే పోలేం కానీ, ఎంబీబీఎస్‌లో ఉన్న కుటుంబ దత్తత కార్యక్రమానికి నర్సింగ్, ఫార్మ్.డి విద్యార్థులను జత చేయడం ఈ ఏడాదే చేయవచ్చు. ఇంట్లో మందుల సంచి బోర్లించి చూసే ఫార్మ్.డి విద్యార్థి, ఆసుపత్రిలో ఎవరికీ కనిపించని డైక్లోఫెనాక్‌ను అక్కడ పట్టుకుంటాడు.

మార్కులు, కొలత

ఇంటర్నల్ మార్కుల్లో కొన్నైనా లేకపోతే మూడో వారానికి హాలు సగం ఖాళీ. సగం మార్కులు గ్రూపు ప్లానుకు, సగం వ్యక్తిగతంగా. నాలుగు కాలేజీల్లోనూ ఒకే పద్ధతి ఉండాలి. ఒక కోర్సుకు మార్కులుండి ఇంకో కోర్సుకు హాజరు మాత్రమే ఉంటే ఆ తేడా గ్రూపులో తెలిసిపోతుంది.

ముందూ వెనుకా ప్రశ్నావళి ఇచ్చి స్కోరు పెరిగిందని చూపడం సులువు. కలిసి నేర్చుకోవడానికి విద్యార్థులు ఎంత సిద్ధంగా ఉన్నారో కొలిచే, 1999లో వచ్చిన 19 అంశాల రిపుల్స్ బాగా వాడుకలో ఉంది. కానీ ‘కలిసి నేర్చుకోవడం మంచిదేనా?’ అని అడిగితే మొదటి రోజే అందరూ అవునంటారు, ఇక పెరగడానికి చోటేది? దాంతోపాటు ఫెసిలిటేటర్ చేతిలో ఒక గమనిక పట్టిక ఉంచండి: నాలుగు కీలక విషయాల్లో ఎన్ని బయటికి వచ్చాయి, ఎన్నో నిమిషంలో, వేరే వృత్తి వాళ్ళను పేరు పెట్టి ఎన్నిసార్లు ప్రశ్న అడిగారు, చెప్పిన ఆర్డర్లలో ఎన్ని తిరిగి చదివారు. మొదటి, ఆరో సెషన్ల పట్టికలు పక్కపక్కన పెడితే మార్పు ఉందో లేదో కనిపిస్తుంది. ఆరు నెలల తర్వాత వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్లను ఒక్క ప్రశ్న అడగండి: ఈ బ్యాచ్ హౌస్‌సర్జన్లు మీతో మాట్లాడి ఆర్డర్ రాస్తున్నారా, రాసి వెళ్ళిపోతున్నారా?

రెండో విడతకు కేసు మార్చడం మరిచిపోవద్దు. సిరంజి సంగతి హాస్టల్లో ఆ రాత్రికే పాకిపోతుంది. పేషెంట్‌ను రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్‌ఫరిన్ మీద ఉన్న, గోంగూర, పాలకూర విపరీతంగా తినే గృహిణిగా మార్చి, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూపే పరీక్ష) మెడికోల కాగితంలో, ఆకుకూరల సంగతి నర్సింగ్ కాగితంలో, ఆమె సొంతంగా వాడుతున్న మరో మందు ఫార్మ్.డి కాగితంలో, తూలి పడిపోతున్న సంగతి ఫిజియో కాగితంలో పెట్టి, మళ్ళీ ఒక్కో కాగితం తీసి పరీక్షించి చూసుకోండి.